బటన్ అతుక్కుపోతోందా? ముందు స్పిరిట్ సీసా పక్కన పెట్టండి

విజయనగరంలో వేసవి సెలవులు వస్తే చాలు, నా బల్ల మీద గేమ్ కన్సోళ్లు వరస కడతాయి. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "దుమ్ము పట్టిందండీ, కాస్త శుభ్రం చేయండి." నేను అడిగేదీ ఒకటే: "పైన రబ్బరు కవరు తీసి చూశారా?" చాలామంది చూడరు. సాగిపోయిన కవరు అంచు భుజం దగ్గరి బటన్ మీదికి జరిగి దాన్ని నొక్కిపెడుతుంది. ఆటలో బొమ్మ దానంతటదే గెంతుతుంటే వీళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు.

కవరు తీశాక కూడా తేడా ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లండి. నింటెండో స్విచ్ కన్సోల్‌లో కంట్రోలర్ల విభాగం కింద బటన్లను పరీక్షించే తెర ఉంటుంది. ఒక్కో బటన్ నొక్కి చూడండి. అన్నీ సరిగ్గా పలికితే తప్పు ఆ ఆటలో ఉంది, కన్సోల్‌లో కాదు. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి మూత విప్పినవాళ్లే నాకు ఎక్కువ పని పెడతారు.

ఛార్జింగ్ ఎక్కడం లేదు, వైరు వదులుగా ఉంది: రంధ్రంలోకి టార్చి వేయండి. జేబులోని నూలు పీచు అడుగున గట్టిగా అణిగి ఉంటుంది. కన్సోల్ ఆపేసి చెక్క పళ్లపుల్లతో మెల్లగా లాగండి. పిన్నీసు మాత్రం వద్దు.

గేమ్ కార్డు చదవడం లేదు: నోటితో ఊదకండి. ఊపిరిలోని తేమ లోపలి లోహపు పట్టీలకు చేటు. పొడి గుడ్డతో కార్డు తుడిస్తే సాధారణంగా సరిపోతుంది. పిల్లలు మింగకుండా స్విచ్ కార్డులకు డెనటోనియం బెంజోయేట్ అనే చేదు పూత పూస్తారు. ఊదబోయి నాలుక తగిలించుకున్నవాళ్లకు ఆ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న మీట) ఒకవైపుకే లాగుతోంది: ముందు సెట్టింగుల్లో క్యాలిబ్రేట్ చేయండి, అంటే దాని నడిమి స్థానాన్ని మళ్లీ సరిచూపండి. తగ్గకపోతే స్టిక్ అడుగున ఉన్న రబ్బరు అంచు ఎత్తి, ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఎలక్ట్రానిక్ భాగాలు తుడిచే స్పిరిట్) వేసి గుండ్రంగా తిప్పండి. కొన్నాళ్లకే మళ్లీ మొదలైతే అది దుమ్ము కాదు, లోపలి కార్బన్ పూత అరిగిపోయింది. స్టిక్ మార్చేయండి.

ఇక నన్ను బాగా ఏడిపించిన సమస్య. బటన్ లోపలికి వెళుతుంది కానీ బద్ధకంగా పైకి వస్తుంది. ఒక పిల్లవాడి కన్సోల్ ఇలాగే వచ్చింది. విప్పి, తొంభై తొమ్మిది శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఇచ్చాను. నా ముందు చక్కగా పనిచేసింది. రెండు రోజులకు తిరిగి వచ్చింది. ఈసారి అడుగున ఉండే రబ్బరు ప్యాడ్ కూడా మార్చాను. నాలుగో రోజు మళ్లీ ప్రత్యక్షం! మూడోసారి విప్పినప్పుడు బటన్ అంచున సన్నటి గోధుమరంగు పొర కనిపించింది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మామిడి వాసన. "భీమాళి తాండ్ర తింటూ ఆడతాడండీ," అని వాళ్ల నాయనమ్మ తాపీగా చెప్పింది.

చక్కెర ఆల్కహాల్‌లో కరగదు. అక్కడే నేను బోల్తా పడ్డాను. తడిగా ఉన్నంతసేపు బటన్ కదులుతుంది, మనం గెలిచామనుకుంటాం. ఆల్కహాల్ ఆరగానే పాకం ఎక్కడిదక్కడే. పైగా మన ఉక్కపోతకు అది తేమ పీల్చుకుని మళ్లీ జిగురవుతుంది. ఎండిన చెమటలోని ఉప్పు, కళింగపట్నం తీరానికి తీసుకెళితే పట్టే సముద్రపు ఉప్పు కూడా అంతే, వాటికీ నీళ్లే కావాలి. శానిటైజర్‌తో తుడవడం ఇంకా ఘోరం. చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు. అది లోపల జిడ్డుగా మిగిలి కొత్త దుమ్మును పిలుస్తుంది.

అందుకే ఇలా చేయండి. ప్లాస్టిక్ బటన్లు, రబ్బరు ప్యాడ్లు బయటకు తీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి నానబెట్టండి. ప్యాడ్ అడుగున నల్లటి చుక్కలుంటాయి, వాటిని రుద్దకండి. అవి పోతే బటన్ పలకదు. బటన్ దూరే రంధ్రాల అంచులను, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన దూది పుల్లతో తుడవండి. లోపలి సర్క్యూట్ బోర్డు మీద మరక ఉంటేనే అక్కడ ముట్టుకోండి, అదీ బ్యాటరీ వైరు ఊడదీశాకే. చివర్లో ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే మిగిలిన తడి త్వరగా ఆరుతుంది. ఆల్కహాల్‌కు ఇక్కడ ఉన్న పని అంతే. విడిభాగాలను రాత్రంతా ఫ్యాను కింద ఉంచి పొద్దున బిగించండి. ఎండలో పెట్టకండి.

బోర్డు మీద టంకం విరగడం, రబ్బరు ప్యాడ్ చిరగడం నేను అరుదుగా చూశాను, వాటి కోసం బుర్ర పాడుచేసుకోవద్దు. వెనక మూత ఉబ్బెత్తుగా కనిపిస్తే మాత్రం అది మురికి కాదు, బ్యాటరీ ఉబ్బింది. నొక్కకుండా, ఛార్జింగ్ పెట్టకుండా అలాగే తీసుకురండి.