పటం కట్టించే ముందు

నల్లకుంటలో ఫ్రేములు కట్టే షాపు నాది. వచ్చినవాళ్లు ముందు ఫ్రేము రంగు చూస్తారు, బంగారు రంగా, నలుపా, టేకా అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది లోపల పెట్టేదాన్ని దేంతో ఆపుతున్నారన్నది. మీ ఫోటో, మీ బట్ట, మీ జ్ఞాపకం ఏదైనా సరే, రేపు ఫ్రేము విప్పితే చెక్కుచెదరకుండా చేతికి రావాలి. అందుకే ఫెవికాల్, డబుల్ టేపు, లామినేషన్ మూడూ వద్దని ముందే గట్టిగా చెప్పండి.

పాత ఫోటోకి పెద్ద శత్రువు దాని ముందున్న అద్దమే. వానాకాలం తేమకి ఫోటో పైపొర మెత్తబడి అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే తాతగారి ముఖం అద్దంతోనే వచ్చేస్తుంది. మీ ఇంట్లో ఇప్పటికే అలా అతుక్కున్న ఫోటో ఉంటే దాన్ని కదపకండి, అద్దం మీంచే మంచి స్కాన్ తీయించండి. కొత్తగా కట్టించేటప్పుడు మౌంటు వేయమనండి. మధ్యలో కిటికీలా కోసిన ఆ మందపాటి అట్ట అద్దాన్ని ఫోటోకి తగలనివ్వదు. యాసిడ్ లేని బోర్డు కావాలని అడగండి, మామూలు అట్ట పసుపెక్కి ఫోటో అంచులకి మరక దించుతుంది. ఫోటోకి జిగురు రాయకుండా నాలుగు మూలలకీ కాగితం జేబులు పెడితే చాలు. పోస్టుకార్డంత ఫోటోకి కూడా చుట్టూ రెండంగుళాల మౌంటు వదిలితే గోడ మీద నిండుగా కనిపిస్తుంది.

పేరుమోసిన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1880లలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. స్టూడియో పేరు అచ్చొత్తిన అట్ట మీద అంటించిన ఫోటోలు ఇక్కడి పాత ఇళ్లలో ఇంకా బయటపడుతుంటాయి. ఫ్రేములో పట్టడం లేదని ఆ అట్టని కత్తిరించనివ్వకండి. ఫ్రేమునే పెద్దది చేయించండి.

పోయినవాళ్ల ఫోటోకి దండ వేస్తాం, బొట్టు పెడతాం. తడి మల్లెదండ నీళ్లు అద్దం మీంచి జారి కింది అంచులో చేరతాయి, అక్కణ్నుంచే లోపలికి దిగుతాయి. గంధపు దండ వేయండి. పూలే వేయాలనుకుంటే నీళ్లు దులిపి వేసి, సాయంత్రానికి తీసేయండి. అద్దం తుడిచేటప్పుడు కూడా నీళ్లు గుడ్డ మీద చల్లుకోండి, అద్దం మీద కాదు.

శిల్పారామంలో చేర్యాల బొమ్మ కొన్నారా? దాన్ని మడవకండి, బిగించి చుట్టకండి. ఖద్దరు బట్టకి చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి వేసిన బొమ్మ అది, మడత పడ్డచోట రంగు పెచ్చులూడుతుంది. కలంకారీని అట్టకి అతికించకూడదు. గంజి పోయేలా ఉతికిన నూలుబట్టని బోర్డుకి బిగించి, దాని మీద కలంకారీని సన్నటి కుట్లతో కుట్టించాలి. కాన్వాసు మీది ఆయిల్ పెయింటింగుకి, వార్నిష్ పట్టించిన నిర్మల్ చిత్రానికి అద్దమే అక్కర్లేదు. పెద్ద సైజుకి బరువు తగ్గాలంటే అద్దం బదులు అక్రిలిక్, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు, వేయించుకోవచ్చు. బొగ్గుతో, పాస్టెల్‌తో వేసిన బొమ్మకి మాత్రం వద్దు, అది పొడిని తనవైపు లాక్కుంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని బాక్సు ఫ్రేము, అంటే వస్తువులు పట్టేలా పెట్టెలా లోతుగా ఉండే ఫ్రేము. ఒకామె పెళ్లినాటి బాసికం తెచ్చి, "అన్నా, తలంబ్రాలు కూడా ఇందులోనే పోసి కట్టివ్వండి" అంది. "బియ్యానికి పురుగు పడుతుందమ్మా. తలంబ్రాల్లో కలిపిన ముత్యాలుంటే ఏరుకుని రండి" అన్నాను. తెచ్చింది. బాసికం మందానికి పైన అరంగుళం ఖాళీ ఉండేలా పెట్టె లోతు పెట్టాను. వెనక బోర్డుకి మెరుపు లేని మెరూన్ బట్ట తొడిగి, బాసికం అంచు పక్కన సూదితో రెండేసి బెజ్జాలు పొడిచి, దాని రంగు దారమే పోనిచ్చి వెనకవైపు ముడేశాను. ముత్యాల్ని కూడా వాటి బెజ్జాల్లోంచి దారం పోనిచ్చి అలాగే కుట్టాను. ముందు నుంచి చూస్తే దారం కనబడదు, కత్తిరిస్తే అన్నీ విడివిడిగా వచ్చేస్తాయి. పతకాలు, తాతగారి చేతిగడియారం, పాపాయి మొదటి చెప్పులు, అమ్మ పట్టుచీర కొంగు ముక్క, అన్నీ ఇలాగే కట్టించుకోవచ్చు. గడియారంలో బ్యాటరీ ఉంటే తీసేసి ఇవ్వండి, కారితే పక్కనున్నవన్నీ పాడవుతాయి. పసుపు అంటిన బట్ట ఎండకి తొందరగా వెలిసిపోతుంది, దాన్ని కిటికీకి దూరంగా పెట్టండి.

కలర్ ఫోటోలకీ ఎండ పడదు. అసలుది చీకట్లో దాచి, ప్రింటు తీయించి దానికి ఫ్రేము కట్టించడం మేలు. పడమటి గోడకి, బాత్రూమ్ వెనక గోడకి ఏదీ తగిలించకండి. ఫ్రేము వెనక కింది మూలలకి రెండు రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ ఎక్కదు. బాక్సు ఫ్రేము బరువుకి ఒక్క మేకు ఆగదు. డ్రిల్లు చేయించి, ప్లగ్గులు పెట్టి, రెండు స్క్రూలకి తగిలించండి. వానలు తగ్గాక ఒకసారి దించి వెనకవైపు చూడండి. చెదల మట్టిగానీ, అట్ట ఉబ్బుగానీ కనిపిస్తే అప్పుడే షాపుకి తీసుకెళ్లి విప్పించండి.