అటక మీంచి దింపిన ఆంప్లిఫయర్‌ని ఆ రోజే ప్లగ్గులో పెట్టీకండి

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడ మన తెలుగోళ్ళ పాత ఇళ్ళల్లో అటక ఎక్కి చూస్తే ఏదో ఒక పాత సౌండు సామాను కనబడకుండా ఉండదు. రంగూన్ వెళ్ళొచ్చిన తాతల గ్రామఫోనులు, గల్ఫ్ నుంచి మావయ్యలు మోసుకొచ్చిన జపాన్ టేప్ డెక్కులు, కలకత్తా సోనోడైన్ ఆంప్లిఫయర్లు, హెచ్‌ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయర్ పెట్టెలు, ఫిలిప్స్ వాల్వు రేడియోలు. ఇల్లు అమ్మీసినప్పుడో, పెద్దోళ్ళు పోయాకో ఇవన్నీ కబాడీకి కిలోల్లెక్కన వెళ్ళిపోతన్నాయి, అదొక బాధ. ఈమధ్య మన కుర్రోళ్ళు కొంతమంది వీటిని వెతికి కొనడం మొదలెట్టారు, చాలా సంతోషం. కానీ కొన్న ఆనందంలో ఇంటికొచ్చీ రాగానే ప్లగ్గు పెట్టీసి, సగం సామాను ఆ ఒక్క నిమిషంలోనే పోగొట్టుకుంటన్నారు. అందుకే ఇది రాస్తన్నాను.

నాకు జరిగిందే చెప్తాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా మేడ మీద గదంతా తడిసిపోయింది. మా నాన్న స్టీరియో ఆంప్లిఫయర్ ఆ గదిలోనే ఉండేది. పైపైన తుడిచి గుడ్డ కప్పీసి అలాగే వదిలీసాం. మూడేళ్ళ తర్వాత ఒక ఆదివారం దింపి, దుమ్ము దులిపి, స్పీకర్లు తగిలించి స్విచ్ వేసాను. మొదట్లో సన్నగా గుయ్‌మని శబ్దం, తర్వాత టప్‌మని ఒక పేలుడు, వార్నిష్ కాలిన వాసన. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, ఎడమ పక్క ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి, వాటితోపాటే ఆ పక్క స్పీకర్ కాయిల్ కూడా. నాన్న చేత్తో కొన్న వస్తువు అది. తర్వాత తీసుకెళ్ళి చూపిస్తే మా వీధి చివర రేడియో మెకానిక్ పెద్దాయన ఒకటే మాటన్నాడు: "ఒరే బాబూ, ముసలోణ్ణి నిద్ర లేపినట్టు మెల్లిగా లేపాల్రా, నెత్తి మీద బిందెడు నీళ్ళు గుమ్మరించీకూడదు."

లోపల ఏటి జరుగుతాదంటే, పవర్ సప్లయిలో కరెంటు నిలవ పెట్టుకునే, డబ్బాల్లాగ ఉండే పెద్ద కెపాసిటర్లు ఉంటాయి కదా, ఎలక్ట్రోలిటిక్‌వి. వాటిల్లో అల్యూమినియం రేకు మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటాది, కరెంటుని ఆపేది అదే. ఏళ్ళ తరబడి వాడకపోతే ఆ పొర పల్చబడిపోద్ది, లోపలున్న ద్రవం ఆరిపోద్ది. ఒక్కసారిగా ఫుల్లు వోల్టేజి ఇస్తే అవి దాదాపు షార్టు అయినట్టే పని చేస్తాయి, ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాది. దానికి తోడు మనది ఉప్పుగాలి ఊరు, సముద్రం ఇక్కడికి 16 కిలోమీటర్లు కూడా ఉండదు, స్విచ్చుల్లో, వాల్యూం కంట్రోల్లో, ఫ్యూజు క్లిప్పుల్లో పచ్చటి తుప్పు పట్టీసి ఉంటాది. కోరాపుట్ దగ్గర సునాబెడలో హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ క్వార్టర్స్ ఖాళీ చేసే ఒకాయన దగ్గర నేనొక టర్న్‌టేబుల్, అంటే రికార్డు తిప్పే ప్లేయర్, తీసుకున్నాను, కొండ మీద ఊరు కాబట్టి దాని ఇనుము కొత్తదిలాగ ఉంది, కానీ కవర్ లోపల బూజు మాత్రం బాగానే ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చారన్నదాన్ని బట్టి ఏది ముందు చూడాలో తెలుస్తాది.

సరే, ముందు కరెంటు లేకుండా చూడాల్సినవి చూడండి. మూత స్క్రూలు తీసి, తీసినవి ఒక గిన్నెలో పెట్టుకుని, లోపల అన్ని పక్కల్నుంచీ ఫోటోలు తీసుకోండి, రేపు ఏ వైరు ఎక్కడిదో తెలీకపోతే ఆ ఫోటోలే దిక్కు. ముక్కుతో వాసన చూడండి, కాలిన వార్నిష్ వాసన వస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం పెట్టుకోండి. కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా, కింద జిగురు కారిందా చూడండి. పాత జపాన్ సెట్లలో పార్టులు కదలకుండా పోసిన గమ్ము వయసైపోతే ముదురు గోధుమ రంగులోకి తిరిగి, పక్కనున్న పార్టుల కాళ్ళు తినీస్తాది, అది కనబడితే జాగ్రత్తగా గోకి తీసీయాలి. ఎలక, బల్లి దూరాయేమో చూడండి, ఎలక ఉచ్చ పడిన చోట బోర్డు మీద రాగి గీతలు తెగిపోయుంటాయి.

తర్వాత ఫ్యూజు. గాజు ఫ్యూజు బయటికి లాగి దాని మీద ఎంత ఆంపియర్ రాసుందో చదవండి. నేను ఒకసారి పర్లాకిమిడిలో కొన్న సెట్‌లో ఫ్యూజు మీద సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టీసి ఉంది. అంటే ఎవరో ఇంతకుముందే ఫ్యూజు ఎగిరిపోతంటే కారణం వెతక్కుండా అలగ నడిపించీసారన్నమాట. అలాంటిది కనబడితే సెట్‌లో రోగం ఉందనే లెక్క.

ఇంకోటి, వెనకాల వోల్టేజి సెలెక్టర్. గల్ఫ్ సామాన్లకి మామూలుగా 110, 220, 240 అని తిప్పుకునే చక్రం ఉంటాది. 110 మీద ఉండిపోతే మన 230 కరెంటుకి అంతే సంగతులు. మన దగ్గర అర్ధరాత్రి వోల్టేజి పెరుగుతాది కాబట్టి 240 ఉంటే 240లోనే పెట్టండి. జపాన్ లోపల అమ్మిన సెట్లు 100 వోల్టులవి, వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పనవ్వదు. అమెరికా టర్న్‌టేబుల్ అయితే వోల్టేజి మార్చినా సరిపోదు, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగే సింక్రనస్ మోటార్ ఉన్నదైతే ఇక్కడ నెమ్మదిగా తిరుగుతాది, నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సింది 28 దగ్గర తిరుగుతాది, పాట నీళ్ళు కారినట్టుంటాది. దానికి 50 హెర్ట్జ్ పుల్లీ వెతుక్కోవాలి.

ఇప్పుడు అసలు పని, సీరీస్ బల్బు. మన పాత మెకానిక్‌లందరి బల్ల మీదా ఉండేది, మోటార్లు చుట్టేవాళ్ళ దగ్గర ఇప్పటికీ ఉంటాది. ఒక చెక్క బోర్డు మీద ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు, ఒక స్విచ్చు. ప్లగ్గు నుంచి వచ్చే ఫేజు వైరు ముందు స్విచ్చులోకి, అక్కణ్ణుంచి బల్బులోకి, బల్బు నుంచి సాకెట్లోకి. న్యూట్రల్, ఎర్తు తిన్నగా సాకెట్లోకి. అంతే. బల్బు మాత్రం పాతకాలం ఫిలమెంటుదే అవ్వాలి, ఎల్‌ఈడీ గానీ సీఎఫ్‌ఎల్ గానీ పనికిరావు, ఎందుకంటే ఫిలమెంటు వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకుంటాది, మనకి కావాల్సింది ఆ గుణమే. మామూలు షాపుల్లో దొరక్కపోతే కోళ్ళ ఫారాల సామాన్లమ్మే చోట అడగండి, కోడిపిల్లలకి వెచ్చదనం కోసం ఆ బల్బులే వాడతారు. చిన్న ఆంప్లిఫయర్‌కి 40 లేక 60 వాట్లు, పెద్దదానికి 100.

స్పీకర్లు తగిలించకుండా, వాల్యూం సున్నాలో పెట్టి, ఆంప్లిఫయర్‌ని ఈ బోర్డులో పెట్టి స్విచ్ వెయ్యండి. కళ్ళు బల్బు మీదే ఉండాలి. ఒక్క క్షణం గట్టిగా వెలిగి, మెల్లిగా తగ్గి, లోపల తీగ ఎర్రగా మిణుకుమనేంత వరకు దిగితే మంచిదే, కెపాసిటర్లు నిండాయన్నమాట. గట్టిగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపీయండి, సెట్‌కి ఏమీ అవ్వదు, దెబ్బంతా బల్బు తీసుకుంటాది. మా నాన్న ఆంప్లిఫయర్‌కి ఈ పాతిక రూపాయల బల్బు అడ్డం పెట్టుంటే ఈరోజుకీ పాడుతుండేది. బల్బు దిగినా తొందరపడకండి, ఒక అరగంట అలాగే వదిలి, మధ్యలో ఆపి, మళ్ళీ వేసి, ఇలగ రెండు మూడు రోజులు చేస్తే ఆ ఆక్సైడ్ పొర కొంత తిరిగి కడతాది.

తర్వాత మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, రెండు స్పీకర్ టెర్మినల్స్ దగ్గరా కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. 100 దాటితే స్పీకర్ తగిలించొద్దు. వోల్టుల్లో చూపిస్తే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయుండొచ్చు, ఆ డీసీ అంతా స్పీకర్ కాయిల్‌ని కాల్చీస్తాది. అంతా బాగుందనిపిస్తే బల్బు తీసీసి తిన్నగా కరెంటు ఇచ్చి, ఆ మిల్లీవోల్టులు మళ్ళీ ఒకసారి కొలిచి, ముందు ఏదైనా చవకైన పాత స్పీకర్ తగిలించి వినండి, మంచి స్పీకర్లు ఆ తర్వాతే.

వాల్వు సెట్ల సంగతి మాత్రం వేరు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. వాల్వు ఆంప్లిఫయర్‌ని స్పీకర్ లేకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతాది. లోపల 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటాది, స్విచ్ ఆపీసినా కెపాసిటర్లలో నిలవుంటాది, అది మనిషి ప్రాణం తియ్యగలదు. మీటర్ పెట్టేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని ఒక చేత్తోనే పని చేయమని పెద్దాయన చెప్పేవాడు, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీంచి పోతాదని. అలవాటు లేనివాళ్ళు వాల్వు సెట్ మూత తియ్యొద్దు, తెలిసినోళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

పార్టులు మార్చాల్సొస్తే కెపాసిటర్ మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ మాత్రం వద్దు. మన ఎండలకి 105 డిగ్రీల వేడి తట్టుకునేవే తీసుకోండి. ప్లస్ మైనస్ తిరగేస్తే పేలతాది. ఒకేసారి అన్నీ పీకీయకుండా ఒక్కొక్కటీ మార్చి చూసుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడ చేసామో తెలుస్తాది. ఔట్‌పుట్‌కి వాడే 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, ఎస్‌టీకే ఐసీలు నకిలీవి చాలా తిరుగుతన్నాయి, మరీ చవగ్గా ఇస్తన్నారంటే నమ్మొద్దు, నేనైతే పాత సెట్లోంచి తీసిన ఒరిజినల్‌నే ఇష్టపడతాను. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, కలకత్తా చాందినీ చౌక్‌లో వెతుక్కోవచ్చు, మనం హౌరా లైను మీద ఉన్నాం కాబట్టి కలకత్తా రాత్రి ప్రయాణమే. అక్కడిదాకా వెళ్తే ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల షాపులు కూడా చూసి రండి. వాల్యూం తిప్పితే గరగరమంటే పార్టు మార్చక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి యాభై సార్లు తిప్పండి చాలు, తుప్పుకి కొట్టే ఆయిల్ స్ప్రేలు మాత్రం వాడొద్దు.

స్పీకర్లకి కోన్, అంటే ముందు కదిలే గిన్నె లాంటిది, దాని చుట్టూ ఫోమ్ అంచు ఉన్నవైతే అది దాదాపు పొడైపోయే ఉంటాది, వేలు పెడితే నల్లగా రాలిపోద్ది. భయపడక్కర్లేదు, కొత్త అంచు అంటించొచ్చు. రబ్బరు అంచైతే చాలాకాలం ఉంటాది. కోన్‌ని రెండు చేతుల వేళ్ళతో సమానంగా మెల్లిగా లోపలికి నొక్కండి, బరబర గీసుకుంటే కాయిల్ రాసుకుంటన్నట్టే, అది తీసుకోవద్దు. పెట్టెని వేళ్ళతో తట్టి చూడండి, బోలుగా వినిపిస్తే చెదలు.

టర్న్‌టేబుల్ దగ్గరికొస్తే, ముల్లుని పట్టుకుని ఉండే పార్టుని కార్ట్రిడ్జ్ అంటారు, ఫియెస్టా లాంటి పెట్టెల్లో సిరామిక్‌ది ఉంటాది, దాని ముల్లు రికార్డు మీద 5, 6 గ్రాముల బరువు పెడతాది. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లకి మామూలుగా 2 గ్రాముల చుట్టుపక్కలే. మంచి ఎల్‌పీలు బరువైన ముల్లు కింద పెట్టీకండి, గాడి అరిగిపోద్ది, పైగా అరిగిన ముల్లైతే ఇంకా నాశనం. బరువు తూచడానికి బంగారం షాపుల్లో వాడే చిన్న డిజిటల్ కాటా, 0.01 గ్రాము చూపించేది, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతాది, అది లేకుండా అంచనా మీద పెట్టొద్దు. ఇంకో సంగతి, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, దాన్ని తిన్నగా ఆంప్లిఫయర్ వెనకాల ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌లో పెడితే సన్నగా బేస్ లేకుండా వినిపిస్తాది, ఆ సిగ్నల్‌ని పెంచే ఫోనో స్టేజ్ మధ్యలో కావాలి. రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, ఆర్‌ఐఏఏ అని 1954 నుంచి అందరూ ఒప్పుకున్న లెక్క అది, ఫోనో స్టేజ్ దాన్ని తిరగేస్తాది. బెల్టు కరిగి తారులా అయిపోతే స్పిరిట్‌తో పుల్లీ తుడిచి కొత్తది వెయ్యండి.

చేత్తో తిప్పే గ్రామఫోన్ల గురించి ఒక్క మాట. ఇత్తడి బూర తళతళా మెరుస్తా హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ అంటించి అమ్మేవి ఎక్కువ భాగం ఈమధ్య తయారు చేసినవే, అలంకారానికి తప్ప పాటకి పనికిరావు. బూర లేని పాత సూట్‌కేసు లాంటి పెట్టె, 1931లో వచ్చిన హెచ్‌ఎంవీ 102 మోడల్, దొరికితే వదలొద్దు. దాంట్లో స్టీల్ ముల్లు ఒక్క పక్క పాటకే, తర్వాత పారీయాలి. దాని మీద ఎల్‌పీ పెట్టొద్దు.

రికార్డులు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచి, మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి ఆరబెట్టండి. 78 రికార్డులు లక్కతో చేసినవి, వాటికి స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి, ఆ సీసా దగ్గరికే తేవద్దు. నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి, బయటి గోడకి ఆనించిన బీరువాలో పెడితే ఆగస్టు వచ్చేసరికి తెల్లటి బూజు మచ్చలు పడతాయి.

ఆ వానాకాలమంతా, జూన్ చివర్నుంచి అక్టోబరు తుఫాన్లు అయ్యేదాకా, వారానికి ఒకసారైనా సెట్ ఆన్ చేసి ఒక గంట పాడనివ్వండి, లోపలి వేడికి చెమ్మ ఆరుతాది, కెపాసిటర్లు కూడా మేలుకునుంటాయి. తుఫాను అని రేడియోలో చెప్పగానే ప్లగ్గు, యాంటెన్నా వైరు రెండూ పీకీసి, సెట్‌ని నేల మీంచి తీసి బల్ల మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, గాలి ఆగాక ఆ కవర్ అదే రోజు తీసీయండి, లేకపోతే చెమ్మ లోపలే ఉండిపోతాది. వాన నీరు తగిలిందని అనుమానం ఉంటే రెండు మూడు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, మళ్ళీ మొదట్నుంచి సీరీస్ బల్బుతోనే మొదలెట్టండి.