పాత ఎస్‌యూవీ కొని ఎత్తు దించుదాం – 4వ పాఠం: నల్ల కోటింగ్ కింద ఏముంది?

ఈ పాఠంలో స్ప్రింగులు విప్పుదామని పోయినసారి చెప్పాను. ఆ పని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి బండ్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు పంపిన ఫొటోలు చూశాక, తుప్పు సంగతి తేల్చకుండా ముందుకెళ్లడం మంచిది కాదనిపించింది. చాలా ఫొటోల్లో ఒకటే దృశ్యం: బండి అడుగున నిగనిగలాడే నల్లరంగు. దానికి తోడు మీ మాట, “అండర్‌బాడీ చాలా నీట్‌గా ఉంది మాస్టారూ, తుప్పన్నదే లేదు.” కొందరు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.

రాజాం వైపు నుంచి ఒక తమ్ముడిది ఇందుకు పూర్తిగా ఎదురు కథ. బ్రేకు డిస్కులు ఎర్రగా ఉన్నాయని మంచి రెనో డస్టర్ బండిని వదిలేసి వచ్చాడు. అతని సంగతి చిన్నది కాబట్టి ముందు చెప్పేస్తాను. డిస్కు పోత ఇనుము, రాపిడి జరిగే చోట దానికి రంగుండదు. వాటర్ వాష్ చేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. సైలెన్సరు మీద, హబ్బు మీద ఎర్రపొర కూడా భయపడాల్సింది కాదు. స్కార్పియో, పాత సఫారీ లాంటి ఛాసిస్ బండ్లలో, అంటే బాడీని మోసే ఇనుప చట్రం విడిగా ఉన్నవాటిలో, ఛాసిస్ మీద పల్చటి గోధుమరంగు కనిపిస్తే వైరు బ్రష్‌తో రుద్దండి. గట్టి లోహం బయటపడితే సరే. పెచ్చులుగా ఊడితే వద్దు. తమ్ముడూ, ఆ డస్టర్ ఇంకా అమ్ముడుపోకపోతే మళ్లీ వెళ్లి చూడు.

ఎత్తు దించే బండికి తుప్పెందుకు పనికిరాదు

మామూలుగా వాడుకునే బండికి కొద్దిగా తుప్పున్నా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. మనం చేయబోయే పని వేరు. బండి ఎత్తు తగ్గించామంటే చక్రం పైకి కదలడానికి ఉన్న దూరం తగ్గించినట్టే. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి మింగాల్సిన దెబ్బ తరచుగా బంప్ స్టాపర్ (చక్రం ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా వస్తుంది, అక్కడి నుంచి నేరుగా బాడీకి తగులుతుంది. డస్టర్, ఎకోస్పోర్ట్, క్రెటా లాంటి వాటికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే అన్నీ మోస్తుంది. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసిన కడ్డీ) బిగించే ఆప్రాన్, అంటే బానెట్ కింద చక్రం పైనుండే రేకు గోడ, వెనక స్ప్రింగు పైభాగం కూర్చునే పెట్టె రెండూ రేకులు మడిచి స్పాట్ వెల్డింగ్‌తో అతికినవే. ఆ పెట్టెలో బురద పేరుకుని, తేమ ఆరక, రేకు లోపలి వైపు నుంచి పల్చబడుతుంది. బయట రంగు చెక్కుచెదరదు. స్ప్రింగు మార్చి గట్టి దెబ్బలు తగలడం మొదలయ్యాక అక్కడే చీలుతుంది. అందుకే డోరు అంచున పొక్కులున్న బండినైనా బేరమాడి తీసుకోమంటాను గానీ, ఆప్రాన్‌లో తుప్పున్న బండిని ఉచితంగా ఇచ్చినా వద్దంటాను.

నల్ల కోటింగ్

ఈ ఒక్క విషయం నిదానంగా చదవండి. కంపెనీ నుంచి వచ్చిన అడుగు ఎలా ఉంటుందో తెలిస్తే, తర్వాత కొట్టిన కోటింగ్ మీ కంటికే దొరుకుతుంది. ఫ్యాక్టరీలో రంగు వేయకముందు బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు. రేకులు కలిసే అతుకుల మీద సీలర్ పూస్తారు. రాళ్లు ఎగిరి తగిలే చోట గరుకైన పూత కొడతారు. కాబట్టి ఒరిజినల్ అడుగు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే నలుపుతో ఉండదు. ఒకచోట ప్రైమర్ రంగు, ఒకచోట గరుకు పూత, ఇంకోచోట బాడీ రంగు తుంపర్లు, మధ్యలో సీలర్ గీతలు కనిపిస్తాయి. ఆ సీలర్ గీతలు కనిపించడం మంచి గుర్తు. కొత్త కోటింగ్ మందంగా పడితే అవి పూడిపోతాయి.

ఇంకా సులువైన గుర్తు ఉంది. సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బర్లు), బ్రేకు పైపుల క్లిప్పులు, సైలెన్సరు వేలాడే రబ్బర్లు బాడీకి రంగులన్నీ అయ్యాక బిగించేవి. ఫ్యాక్టరీలో కొట్టిన పూత వాటి మీద పడే వీలే లేదు. ఫోన్ లైటు వేసి బుష్ రబ్బరు చూడండి. దాని మీద నల్ల తుంపర్లుంటే కోటింగ్ తర్వాత కొట్టించిందే.

తర్వాత కొట్టించినంత మాత్రాన మోసమని కాదు. బండి కొత్తలోనే చేయించి బిల్లు దాచుకున్నవాళ్లూ ఉంటారు. అలాంటి కోటింగ్ మీద ఏళ్ల తరబడి పట్టిన దుమ్ము, కంకర గాట్లు, చక్రాల వెనక అరుగుదల ఉంటాయి. అమ్మకానికి ముందు కొట్టించిన దాని మీద ఇవేవీ ఉండవు, చాలాసార్లు వాసన కూడా పోదు. తుప్పు గీకకుండా పైన కొట్టిన పూత వల్ల ఇంకో నష్టం ఉంది. ఉప్పు, తేమ దాని కింద చిక్కుకుపోయి ఎండకు ఆరవు. పైకి బాగా కనిపిస్తూ లోపల తినేస్తూ ఉంటుంది. రెండో వానాకాలం తర్వాత పూత రేకులు రేకులుగా వేలాడినప్పుడు మీకు తెలుస్తుంది, అప్పటికి అమ్మినాయన ఫోను ఎత్తడు.

అయస్కాంతం పట్టుకెళ్లి అడుగున పెట్టి చూశామని కొందరు రాశారు. అయస్కాంతం పైరేకుల మీద పుట్టీ కనిపెట్టడానికి. డోర్లు, వెనక ఫెండర్లు చూడండి, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. అడుగున మాత్రం దాన్ని నమ్మొద్దు. సగం తినేసిన ఇనుముకు కూడా అది అంటుకుంటుంది.

అడుగున పనికొచ్చేవి స్క్రూడ్రైవరు పిడి, సైకిల్ చువ్వ. పిడితో సిల్ (డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉండే గుల్ల గట్టు) పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసినచోట మొద్దుగా చప్పుడొస్తుంది. చెవి పట్టుకునే దాకా ఎడమ వైపు, కుడి వైపు పోల్చుకుంటూ తట్టండి, రెండు వైపులా ఒకేలా కుళ్లడం అరుదు. సిల్ కింద నీళ్లు కారడానికి చిన్న కన్నాలుంటాయి. కోటింగ్ కొట్టేవాళ్లు ఎక్కువగా వాటిని పూడ్చేస్తారు. అమ్మేవాళ్లను అడిగి చువ్వతో తెరవండి. మట్టి రాలితే పర్వాలేదు. ఎర్రటి పొట్టు, పెళుసు పెచ్చులు రాలితే సిల్ లోపల పోయింది. డోరు కింది అంచు కన్నాలకూ ఇదే పరీక్ష. ఆప్రాన్‌ను బానెట్ ఎత్తి పైనుంచి, చక్రం పక్కకు తిప్పి కింద నుంచి, రెండు వైపులా చూడాలి. స్ట్రట్ నట్ల చుట్టూ సీలర్ పగిలి ఎర్రగీత కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు.

చివరగా, రూపాయి బిళ్లంత చోట కోటింగ్ గీకి చూస్తామని అడగండి. వెనక చక్రం ముందు, సిల్ ముగిసేచోటు సరైనది. చక్రం చిమ్మిన తడి అంతా అక్కడికే చేరుతుంది. మంచి బండి యజమాని కాసేపు మొహమాటపడినా ఒప్పుకుంటాడు. ససేమిరా అంటే టీ తాగి వచ్చేయండి. బేరం సాగుతున్నా నేను ఈ గీకుడు దగ్గర రాజీపడను.

ఇంకొక పరీక్ష చాలామంది మెకానిక్‌లు కూడా చేయరు. బండి నేల మీద ఉండగా డ్రైవరు డోరు తెరిచి మూయండి. తర్వాత అదే వైపు జాకీ పాయింటు దగ్గర లేపి, చక్రం గాల్లో ఉండగా మళ్లీ తెరిచి మూయండి. డోరు కొత్తగా పట్టేసినా, సందు ఎక్కువతక్కువైనా బాడీ బిగువు పోయింది. జాకీ కింద రేకు కరకరమంటే వెంటనే దించేయండి. లేపిన బండి కిందికి తల పెట్టొద్దు.

ఉప్పు ఎక్కడి నుంచి వస్తుంది

శ్రీకాకుళానిది పెద్ద తీరం. కళింగపట్నం, భావనపాడు, విజయనగరం వైపు చింతపల్లి, కోనాడ చుట్టుపక్కల నిలిపి ఉంచిన బండికి ఉప్పుగాలి తప్పదు. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర తిరిగిన వాటి సంగతి చెప్పక్కర్లేదు. కానీ నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది చేపల పెట్టెలు, రొయ్యల సరుకు మోసిన బండికి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు డిక్కీ కార్పెట్ కిందకు దిగి స్టెప్నీ గుంతలో నిలుస్తాయి. స్టెప్నీ తీసి ఆ గుంత వేలితో తడమండి. వెనక స్ప్రింగు పెట్టెలు దాని పక్కనే ఉంటాయి.

నీట మునిగిన బండ్లు వేరే గొడవ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మన మీదుగానే తీరం దాటాయి. ఆ తేదీల్లో దేనికి ముందు తయారైన బండైనా సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. లోపలి కొసన బురద చార ఉందంటే కడిగినవాడు అంతదాకా కడగలేదన్నమాట.

నా మటుకు నేను లోపలి వైపు బండ్లకే మొగ్గుతాను: సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం. కొండెక్కి కోరాపుట్ దాకా వెళ్లి చూసినా తప్పులేదు. ఒడిశా నంబరైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్సు లెక్కలోకి తీసుకుని ధర మాట్లాడండి. ఆర్‌సీ, ఫైనాన్సు క్లియరెన్సు, పేరు మార్పిడికి ఫారం 29, 30 మీకు తెలిసినవే. అయితే ఆర్‌సీలో ఇప్పటి చిరునామా ఒక్కటే చూసి లోపలి బండి అనుకోవద్దు, పాత ఓనరు ఏ ఊరివాడో కనుక్కోండి.

దించడం: ఈసారికి ఇంతే

ఎత్తు దించడానికి బోల్టు తిప్పితే సరిపోతుంది కదా అని సఫారీవాళ్లు అడిగారు. పాత సఫారీ ముందు భాగంలో టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉంటుంది, బోల్టు వదులు చేస్తే ముందు భాగం దిగుతుంది, నిజమే. కానీ బార్ గట్టిదనం మారదు, స్టాపర్‌కు ఉన్న ఖాళీ మాత్రం తగ్గుతుంది. ఫలితంగా ప్రతి స్పీడ్ బ్రేకరుకూ దభీమంటుంది. వెనక వైపు యాక్సిల్‌ను ఛాసిస్‌కు అడ్డంగా కలిపే పాన్‌హార్డ్ రాడ్ వల్ల, ఎత్తు తగ్గగానే యాక్సిల్ కొద్దిగా ఒక పక్కకు జరుగుతుంది. అది సరిచేయకుండా వదలకూడదు.

స్ప్రింగు గ్యాస్ కట్టర్‌తో కోయించొద్దు. ఎర్రగా కాలినచోట స్ప్రింగు ఉక్కుకు ఇచ్చిన టెంపర్ పోతుంది, కోసిన కొస సీటులో సరిగ్గా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరగొచ్చు. పొట్టి స్ప్రింగులు కొత్తవే కొనాలి. 30 మిల్లీమీటర్లకు మించి దించడం మన రోడ్లకు నేను ఒప్పుకోను. 205 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సున్న డస్టర్ 175కు వస్తుంది. ప్రమాణాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు ఎత్తు 100 మిల్లీమీటర్లు, పొడవు 3.7 మీటర్లు. ఊళ్లలో సొంతంగా వేసుకున్నవి ఆ లెక్కలో ఉండవు, నలుగురు ఎక్కాక బండి ఇంకా కుంగుతుంది.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చని 182ఎ సెక్షన్‌లో ఉంది. స్ప్రింగులు కొనకముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. పాత స్ప్రింగులు ఎవరికీ అమ్మొద్దు, ఏ చక్రానిదో రాసి దాచండి.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన పని

ఇది ఒక ఆదివారమంతా పడుతుంది. బండి కొన్నవాళ్లు సమతలమైన సిమెంటు నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాల దగ్గరా హబ్బు మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. ఖాళీగా ఒకసారి, ఐదుగురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా పెట్టాక ఒకసారి. టైరు అడుగు నుంచి కొలిస్తే గాలి తేడా కలిసిపోతుంది, అందుకే హబ్బు నుంచే.

తర్వాత షాక్ రాడ్ మీది రబ్బరు తొడుగు పైకి లేపి, రాడ్‌కు ఒక కేబుల్ టై కదిలేంత బిగువుగా కట్టి, కిందికి షాక్ సీలు దాకా దించండి. ఛాసిస్ బండ్లలో వెనక బంప్ స్టాపర్ ఎదురుగా యాక్సిల్ మీద బంకమట్టి ముద్ద, స్టాపర్‌కు ఉన్న ఖాళీలో చాలా భాగం నిండేంత ఎత్తున పెట్టండి. అదే లోడుతో విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లి రండి. శ్రీకాకుళం వాళ్లు ఆమదాలవలస, పాలకొండ దారి పట్టండి. గుంతలు తప్పించొద్దు, వేగం పెంచొద్దు. తిరిగొచ్చాక కేబుల్ టైకి, స్టాపర్‌కు మధ్య మిగిలిన ఖాళీ కొలవండి, మట్టి పెట్టినవాళ్లు ముద్ద అణిగాక మిగిలిన దాని మందం కొలవండి. అది 30 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే, ఒరిజినల్ గట్టిదనంతో పొట్టి స్ప్రింగు మీ బండికి సరిపడదు, గట్టి స్ప్రింగు కావాలి. ఎంత గట్టిది అన్నది ఐదో పాఠంలో ఈ కొలతలతోనే లెక్కేస్తాం.

కోటింగ్ బండికి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఇదేదీ చేయకండి. చువ్వ, స్క్రూడ్రైవరు పట్టుకుని మళ్లీ ఒకసారి వెళ్లి, గీకినచోటి ఫొటో పంపండి.