రెజ్యూమెలో స్కిల్స్ దగ్గర ఇలా రాసి చూడండి

మా మిర్యాలగూడ, జడ్చర్ల వైపు పిల్లల రెజ్యూమెలు చూస్తే స్కిల్స్ దగ్గర అందరిదీ ఒకటే రాత: ఎంఎస్ ఆఫీస్, హార్డ్ వర్కింగ్, గుడ్ కమ్యూనికేషన్. నిజంగా పని వచ్చిన పిల్లలకు కూడా ఫోన్ రాకపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఉద్యోగ ప్రకటన చదివి, వాళ్లు అడిగిన పనుల్లో మీకు వచ్చినవి నాలుగైదు ఎడమవైపు రాయండి. ఒక్కోదానికి ఎదురుగా ఒకే లైను: ఎక్కడ చేశారు, దేంతో చేశారు, ఎంత చేశారు. రైస్ మిల్లులో ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మీద లెక్కలు చూసిన అమ్మాయి ‘ట్యాలీ తెలుసు’ అని వదిలేయకుండా, ‘రైస్ మిల్లులో ఏడాదిపాటు రోజుకు 40 దాకా వడ్ల కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించాను, నెలనెలా జీఎస్టీఆర్-1కి అమ్మకాల లెక్క తీసిచ్చాను’ అని రాస్తే చదివేవాళ్లకు పని కళ్లకు కడుతుంది. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని ఫార్మా కంపెనీలకైతే హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే ల్యాబ్ యంత్రం) మీద ఏ పరీక్షలు చేశారో రాయండి. కాలేజీ ప్రాజెక్టులో చేసినా పర్వాలేదు, ప్రాజెక్టు అనే చెప్పండి. ప్రకటనలో ‘స్టాక్ రిజిస్టర్’ అని ఉంటే మీరూ అదే మాట వాడాలి. రెజ్యూమెలో ఈ లైన్లు చదువు వివరాల కంటే పైన ఉండాలి. మొత్తం ఒకే పేజీ, పీడీఎఫ్‌లో.

పక్కన కూర్చుని చూసిన పనిని చేసినట్టు మాత్రం రాయకండి. ఇంటర్వ్యూలో సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఎంట్రీ వేయమంటే అక్కడే ఆగిపోతారు. టీజీపీఎస్సీ లాంటి సర్కారు దరఖాస్తులకు ఈ పద్ధతి పనికిరాదు, అక్కడ వాళ్లడిగిన గళ్లు నింపడమే.