రెండు ఆరోగ్య కార్డులున్న పెద్దవారిని ఆస్పత్రిలో చేర్చే ముందు

విజయవాడ, గుంటూరు ఇళ్లలో డెబ్బై దాటిన పెద్దల దగ్గర రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతో పాటు, కేంద్రం పెద్దవారికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా కనిపిస్తోంది. ఆపరేషను తేదీ దగ్గర పడితే ఇవి చూసుకోండి.

• ముందు డబ్బు కట్టి, తరువాత కార్డు తీయవద్దు. రెండూ నగదు రహిత పథకాలే. ముందస్తు అనుమతి లేకుండా కట్టిన సొమ్ము తిరిగి రాబట్టడం చాలా కష్టం. చేరిన రోజే ఆరోగ్యమిత్రకు (ఆస్పత్రిలో పథకం రోగులకు సాయపడే ఉద్యోగి) రెండు కార్డులూ చూపించండి.

• ఆస్పత్రి ఏ పథకంలో, ఏ విభాగానికి ఉందో అడగండి. గుండెకు ఉన్నచోట మోకాలికి ఉండకపోవచ్చు. ఫోన్ చేయాలంటే వైద్య సేవకు 104, ఆయుష్మాన్‌కు 14555.

• మందుల చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టండి. ఒక కార్డు మీద స్టెంటు వేసినచోట ఇచ్చిన రక్తం పలుచబరిచే మాత్ర సంగతి, మరో కార్డు మీద మోకాలు కోసే డాక్టరుకు తెలియదు. మీరే చెప్పాలి, అదీ ఆపరేషనుకు కొన్ని రోజుల ముందే.

• ఆధార్‌లో పుట్టిన సంవత్సరం చూడండి. వయ వందనకు వయసు లెక్క అదే. మన పెద్దల తేదీలు సగం ఊహించి రాయించినవే కదా!

• సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల పథకం) ఉన్నవారు దాన్నీ వయ వందననూ కలిపి వాడలేరు, ఒకటే ఎంచుకోవాలి. ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) వారికి ఈ చిక్కు లేదు.

• ఆయుష్మాన్ కింద ఇంటికి వచ్చాక 15 రోజుల మందులూ లెక్కలోకి వస్తాయి. డిశ్చార్జి రోజే అడిగి తీసుకోండి.