జాకీ లేస్తోంది, బండి లేవట్లేదు

కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలకు మేత తోలే పికప్ నాది. ఒకసారి గట్టు మీద వెనక టైరు పోయింది. జాకీ పెట్టి టామీ రాడ్డు (జాకీ పిడి) కొడుతూనే ఉన్నా, బండి అంగుళం కూడా లేవలేదు. వంగి చూస్తే జాకీయే భూమిలోకి దిగిపోతోంది.

జాకీ కుంగుతోంది
బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండే ఆయిల్ జాకీ) అడుగు భాగం అరచేయంత కూడా ఉండదు. ఆ కాస్త చోటులోనే బరువంతా పడితే ఇసుకైనా, తడిసిన నల్లరేగడైనా ఆగదు. రెండంగుళాల మందం, అడుగున్నర చదరం ఉన్న గట్టి చెక్క బండిలో పడేసుకోండి. నేల చదును చేసి పరిచి, సరిగ్గా మధ్యలో జాకీ పెట్టండి. మాకు గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి దగ్గరే కదా, నేను ముందు గ్రానైట్ ముక్క వాడాను. నున్నటి రాయి మీద జాకీ జర్రున జారింది. కింద గుల్లగా ఉంటే రాయి పగిలిపోతుంది కూడా.

జాకీ పూర్తిగా లేచినా టైరు నేలను వదలట్లేదు
ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) కింద పెట్టి ఉంటారు. అప్పుడు మొదట స్ప్రింగులు సాగుతాయి, టైరు ఆ తర్వాతే లేస్తుంది. ఎత్తు పెంచిన ఆఫ్‌రోడ్ బండైతే ఇంకా కష్టం. వెనక యాక్సిల్ (ఇరుసు) కింద, టైరుకు దగ్గరగా పెట్టండి. మధ్యలో డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్లు) గుండు కింద వద్దు, బండి పక్కకు ఒరుగుతుంది. ఎత్తు చాలలేదని ఇటుకలు పేర్చడం అస్సలు వద్దు.

కొత్త జాకీ కొనేముందు టేపు తీసుకుని, గాలి పూర్తిగా పోయిన టైరుతో యాక్సిల్ ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ముడుచుకున్న జాకీ ఆ సందులో పట్టాలి. లోడుతో బండి 3 టన్నులు దాటితే నేనైతే 5 టన్నుల జాకీయే తీసుకుంటాను.

ఎత్తగానే బండి దొర్లుతోంది
గేర్లో ఉందన్న ధీమా వల్ల వచ్చే తంటా ఇది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, డిఫరెన్షియల్ వల్ల అది ఉత్తినే తిరుగుతుంది, గేరు పట్టు పోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నట్లు టైరు నేల మీదుండగానే ఒక చుట్టు వదులు చేయాలి.

జాకీ మెల్లగా దిగుతోంది
ముందు రిలీజ్ స్క్రూ (జాకీని దించడానికి వదులు చేసేది) బిగించారో లేదో చూడండి. బిగించే ఉంటే ఆయిల్ తగ్గిందేమో, జాకీని పడుకోబెట్టి తెచ్చినందుకు గాలి చేరిందేమో చూడాలి. జాకీ ఆయిలే పోయండి, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అయినా దిగుతుంటే లోపల సీలో వాల్వో పోయినట్టే, బాగు చేయించేదాకా దాన్ని వాడొద్దు.

జాకీ బాగున్నా సరే, స్టెప్నీని ఛాసిస్ కింద పడుకోబెట్టాకే పని మొదలుపెట్టండి. పాత టైరు ఊడదీశాక దాన్ని కిందికి తోసి, స్టెప్నీని బయటికి లాగండి.