దీపావళికి ముందే చెబుతున్నా: రాణి రూపాయిని తోమకండి

వరలక్ష్మీ వ్రతం మర్నాడు పొద్దున్నే ఎదురింటి కోడలు స్టీలు పళ్ళెంలో పదకొండు వెండి రూపాయలు పెట్టుకుని వచ్చింది. "బాబాయ్ గారూ, చూడండి ఎలా మెరిసిపోతున్నాయో! అత్తయ్యగారి పెట్టె అడుగున మసిబట్టి ఉండేవి. రాత్రంతా చింతపండులో నానేసి విభూతితో తోమాను."

నాకు నోట మాట రాలేదు. ఎండాకాలంలో ఆ పదకొండూ నా అరచేతిలోకి వచ్చినవే. అందులో ఒకటి 1862 నాటిది. విక్టోరియా కిరీటం మీది రాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉండేది. బొమ్మ చుట్టూ నలుపు, ఆ నలుపులో నీలం, ఊదా, నెమలి మెడలాగా. "జాగ్రత్తగా దాచండమ్మా" అన్నాను అప్పుడు. కడగొద్దని మాత్రం చెప్పలేదు. అంత చిన్న ముక్క చెప్పాలని తట్టలేదు. ఆ తప్పు నాదే.

భూతద్దం పెట్టి చూశాను. రాణి చెంప మీద అడ్డంగా వెంట్రుకవాసి గీతలు, వందల కొద్దీ, అన్నీ ఒకే వాలుగా. చెవి పైన జుట్టు పాయలు ముద్దైపోయాయి. కిరీటం సందుల్లో తెల్లగా విభూతి. నెమలి రంగు పోయి అల్యూమినియం గిన్నె రంగు వచ్చింది. ఆ పిల్ల నా మొహం వైపే చూస్తోంది. "బాగున్నాయమ్మా, దేవుడి దగ్గర పెట్టుకోండి" అని పంపేశాను. అయిపోయాక అంతకంటే ఏం చెప్పను?

దసరా ముందుంది. ధనత్రయోదశి ఉంది, దీపావళి ఉంది. ఏటా ఈ రెండు నెలల్లోనే బొమ్మ రూపాయలు, అంటే రాణి, రాజు మొహం ఉన్న పాత రూపాయలు పాడవుతాయి. దొంగల వల్ల కాదు, చింతపండు వల్ల. నకిలీ నాణెం కొని మోసపోతే పోయేది కొన్న డబ్బే. తోమితే పోయేది తాత దాచిన అసలు నాణెమే. పాతికేళ్ళుగా పాత నాణేలు పోగేస్తున్నాను. రెండోదే ఎక్కువ చూశాను.

వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో కలిసి వెండే అలా మారింది. అంటే ఆ నల్లటి పొర కూడా నాణెంలో భాగమే. చింతపండుతో తోమితే అది పోతుంది, విభూతి దాని కింది వెండిని గీకేస్తుంది. టంకశాల అచ్చు కొట్టినప్పుడు వెండి మీద పడిన సన్నటి నిగారింపు ఒక్కసారి పోతే ఏ కంసాలీ తిరిగి తేలేడు. మెరుపు వేరు, నిగారింపు వేరు. తోమిన మెరుపు నాలుగడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

1862 సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ రూపాయి మీద చాలా ఏళ్ళ పాటు సంవత్సరం మార్చలేదు. 1874 దాకా 1862 అనే వేస్తూ, ఏ ఏడు కొట్టిందో తెలియడానికి బొంబాయి టంకశాలలో వెనకవైపు చిన్న చిన్న చుక్కలు పెట్టేవాళ్ళు. ఆవగింజలో సగం ఉండవు ఆ చుక్కలు. రాణి రవిక మీది పువ్వుల్లోనూ తేడాలున్నాయి. ఇది మామూలుదా అరుదైనదా అని తేల్చేవి ఆ చుక్కలూ ఆ పువ్వులే. విభూతి ముందు అరగదీసేవీ అవే. ఎదురింటి రూపాయికి ఎన్ని చుక్కలున్నాయో ఎండాకాలంలో రాసుకోలేదు. ఇప్పుడు చూసినా తేలదు.

కాబట్టి తోమకండి.

"మేం తోమలేదండీ, ఊరికే శుభ్రం చేశాం" అంటారు. చింతపండు, నిమ్మచెక్క, విభూతి, పేస్టు, కుంకుడు రసం, గిన్నెల పొడి, అన్నీ తోమడమే. అల్యూమినియం కాగితంలో వంటసోడా, ఉప్పు వేసి వేడినీళ్ళు పోస్తే మాయగా తెల్లబడుతుందని ఫోన్లో వీడియోలు తిరుగుతున్నాయి. అదీ తోమడమే. గీతలు పడకపోయినా ఆ పొర పోతుంది. వెండి కొట్టులో "ఒక్క నిమిషం ముంచి ఇస్తా" అనే సీసా మందు కూడా అంతే. కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం అన్నిటికంటే ఘోరం, తిరిగే చక్రం కింద రాణి ముక్కు చదునైపోతుంది.

నాణేలకు గ్రేడు వేసే సంస్థలు కడిగిన నాణేన్ని చూడగానే పట్టేస్తాయి, ఆ మాట నాణెం పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా మీదే రాసేస్తాయి. ఆ తర్వాత సరైన ధర రాదు. ఒక్కోసారి వెండి తూకానికే అడుగుతారు.

మరి పూజకెలా? దీనికి ఇంట్లో గొడవలొద్దు. ఈమధ్య కొన్న లక్ష్మీదేవి బిళ్ళలు ఉంటాయి కదా, వాటిని హాయిగా తోముకోండి. పాత రూపాయే కావాలంటే 1940 నుంచి 1945 మధ్య వచ్చిన ఆరో జార్జి రూపాయి, బాగా అరిగినది ఒకటి పూజకు కేటాయించండి. అందులో వెండి సగమే, ఊళ్ళో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. మిగతావి డబ్బాలో పెట్టి డబ్బాకే బొట్టు పెట్టండి. మా అమ్మ ఒప్పుకుంది, మీ ఇంట్లోనూ ఒప్పుకుంటారు.

కుంకుమ, నూనె ఇప్పటికే అంటుకుని ఉంటే శుద్ధమైన అసిటోన్ గాజు గిన్నెలో పోసి, నాణేన్ని కాసేపు ఉంచి తీసి, మెత్తటి గుడ్డ మీద దానంతటదే ఆరనివ్వండి. రుద్దొద్దు. గోళ్ళ రంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. దీపం వెలుగుతున్న గదిలో అసిటోన్ మూత తీయొద్దు, భగ్గుమంటుంది.

రాగి కాణీల సంగతి మరీ సున్నితం. తోమిన రాగి గులాబీ రంగుకి తిరుగుతుంది, అది చూస్తేనే కొనేవాడు లేచిపోతాడు. ఆకుపచ్చగా పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది వేరే జబ్బు. ఉప్పుగాలి, తేమ ఉన్న చోట రాగిని లోపల్నుంచి తినేస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు తరచూ చూసుకోవాలి. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి వెంటనే విడదీయండి, పొడిగా ఉంచండి.

ఇక కొనేవాళ్ళకి. 1939 దాకా వచ్చిన బొమ్మ రూపాయి ఏదైనా, విక్టోరియా, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి, ఆరో జార్జి, బరువు 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు వెండి. అరిగినది కాస్త తగ్గుతుంది, పెరగడం మాత్రం జరగదు. జేబు కాటా ఒకటి కొనుక్కోండి. గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, రూపాయిని దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. 1.13 గ్రాములకు అటూ ఇటూగా చూపిస్తే వెండే. 1.3 దాటితే వెండిలా కనబడే వేరే లోహం, జర్మన్ సిల్వర్ లాంటిది. బల్ల మీద రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు అమ్మేవాడు మొహం చిట్లిస్తే మీ జవాబు వచ్చేసినట్టే. అయస్కాంతానికి అంటుకుంటే? 1946, 47 రూపాయలు అంటుకుంటాయి, అవి నికెల్‌వి, నకిలీవి కావు. విక్టోరియా అంటుకుంటే నకిలీదే.

1911 "పంది రూపాయి" అని బజార్లో ఊదరగొడతారు. కథ నిజమే. అయిదో జార్జి దుస్తుల మీది ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనబడిందని గోల పుట్టింది, వెనక్కి తీసుకున్నారు, 1912లో దిద్దారు. కానీ ఇవాళ అది దొరకని నాణెమేం కాదు. కథకు డబ్బు ఇవ్వకండి, నాణేనికి ఇవ్వండి. నిజంగా కరువైనది 1939 రూపాయి. అందుకే మీకు ఎవరైనా 1939 చూపిస్తే ముందు అనుమానించండి, చివరి అంకె దిద్దినదేమో భూతద్దంలో చూడండి.

నిజాం బొమ్మ ఉన్న హైదరాబాదు రూపాయి అని చూపిస్తే నవ్వి వచ్చేయండి. హాలీ సిక్కా, అంటే నిజాం సొంత రూపాయి, తర్వాతి రోజుల్లో వచ్చిన వాటి మీద చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి మీమ్, ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కి ఐన్ అనే ఉర్దూ అక్షరం ఉంటాయి. మొహం ఉండదు. మొహం ఉంటే అది పతకం.

నాణెం మీద రాజు మొహం మనకు తెల్లవాడు నేర్పిన అలవాటని కొందరు అంటారు, కాదు. శాతవాహనుల వెండి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి, పుళుమావి, యజ్ఞశ్రీల మొహాలు ముద్దుగా ఉంటాయి, చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13,000 పైచిలుకు దొరికాయి. వాటిలో చాలావాటి మీద గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు, ఓడిన రాజు మొహం మీదే. నాణెం మీది మొహాన్ని చెరిపే హక్కు యుద్ధం గెలిచినవాడికి ఉందేమో, చింతపండు నానేసినవాడికి లేదు.

పొలంలో దొరికిందని ఎవరైనా శాతవాహన నాణెం తెస్తే చెయ్యి చాపకండి. సగం నకిలీవి, మిగతా సగం చట్టంతో చిక్కు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. సీసం నాణేలైతే ఆరోగ్యానికీ మంచిది కాదు, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. చెక్క పెట్టెలో పెడితే తెల్లగా పొడి అయిపోతాయి.

అమెరికా పిల్లలకు ఒక మాట. అమ్మమ్మ ఇచ్చిన రాణి రూపాయి సూట్‌కేసులో వేసుకుని వెళ్ళకండి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. గుర్తుగా ఉంచుకోవాలంటే ఫోటో తీసుకోండి.

అలంకారానికి కొనే బొమ్మలు, అంటే భుజాల దాకా ఉన్న రాణి, జార్జి ఇత్తడి విగ్రహాలు, పాలరాతి తలలు, పట్టాభిషేకం పళ్ళాలు, వీటి గురించి నాకు అంత సరదా లేదు, చోటు తినేస్తాయి. కొనేటట్టయితే తిరగేసి అడుగు చూడండి. పైన ఆకుపచ్చగా పాతబడి, లోపల ఆకురాయి గీతలు కొత్తగా మెరుస్తుంటే నిన్న పోత పోసినదే. పాలరాయికి నిమ్మకాయ తగిలితే రాయి కరుగుతుంది, మొహం గరుకైపోతుంది. ఇత్తడి బొమ్మనూ తోమకండి. పళ్ళెం అంచు బంగారు పూత రుద్దితే లేచిపోతుంది.

వెండి కిలో లక్ష దాటాక ఇంకో రోగం వచ్చింది, కరిగించడం. 1939 దాకా వచ్చిన ఒక్కో రూపాయిలో పదిన్నర గ్రాముల పైన వెండి. కొట్టువాడు ఆ వెండి ధరకంటే పైసా ఎక్కువ ఇవ్వడు. ముందు సంవత్సరం చూపించండి, తెలిసినవాళ్ళకు చూపించండి, తర్వాత కరిగించండి.

మిగతావి వరసగా చెప్పేస్తా, కారణాలు అడక్కండి.

అంచు పట్టుకోండి, మొహం మీద వేలు పెట్టకండి.
మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బం పారేయండి. కొన్నాళ్ళకు ఆకుపచ్చ జిగురు కారుస్తుంది.
రబ్బరు బ్యాండు వేయకండి. న్యూస్‌పేపర్లో చుట్టకండి.
సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టండి, వానాకాలంలో మార్చండి.
కొండి అతికించి గొలుసులో వేయించకండి. కాసులపేరు మీ ఇష్టం, రాణి రూపాయి మాత్రం వద్దు.
ముందూ వెనకా ఫోటోలు తీసి, బరువు రాసి పెట్టుకోండి. చుక్కలు లెక్కపెట్టి రాయండి. నేను రాయలేదు.
పాత నాణేనికి లక్షలిస్తామని ఫోనొస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఫీజు, కమిషను, పన్ను అడిగితే మోసమే. పాత నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.
ముందు డబ్బు కట్టమన్నవాడు కొనేవాడు కాదు.
ఈస్టిండియా కంపెనీ పేరుతో రాముడు, హనుమంతుడు, 1616, 1818 అని ఉన్న బిళ్ళలు కంపెనీవి కావు. బియ్యం గింజల్ని తనవైపు లాగే మహిమ ఉందని ఎవరైనా అమ్మజూపితే పోలీసులకు చెప్పండి.
పనిమనిషికి చెప్పండి. అత్తగారికి చెప్పండి. పండక్కి వచ్చే ఆడపడుచులకు చెప్పండి.
తోమకండి.
తడిగుడ్డతో కూడా.
ఇప్పటికే తోమేసి ఉంటే ఇంకోసారి తోమకండి. అలా వదిలేయండి, నలుపు తిరిగి పడుతుంది. మా ఎదురింటివాళ్ళకు నిన్న సాయంత్రం అదే చెప్పి, డబ్బా మీద "తోమవద్దు" అని మార్కరుతో నేనే రాసి వచ్చాను.